తొమ్మిదేళ్ల నర్సవ్వ

గుండ్లపహాడ్ బాలికల వసతి గృహానికి ఆ ఉత్తర్వు సోమవారం పొద్దున పదకొండు గంటలకు వచ్చింది. పదకొండుంబావు నుంచి అక్కడ పిల్లలతో మాట్లాడటం నేరమైంది.

వేరే జిల్లాలో ఎక్కడో ఒక హాస్టల్లో పిల్లల్ని కొట్టారని పేపర్లో పడింది. శాఖ చలించింది. శాఖ చలిస్తే వచ్చేది ఉత్తర్వే.

"వసతి గృహములలోని బాలలపై వేధింపుల నివారణార్థం సిబ్బంది యావన్మందికీ ఐదు దినముల శిక్షణ నిర్వహించవలెను. శిక్షణానంతరం ధ్రువపత్రం పొందని సిబ్బంది ఎవరునూ బాలలతో సంభాషణ, సంస్పర్శ, సాన్నిహిత్యం కలిగియుండరాదు. ఉల్లంఘన తీవ్రముగా పరిగణించబడును."

వార్డెన్ హైమావతి దాన్ని రెండుసార్లు చదివింది. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఒక్క మెమో కూడా అందుకోని మనిషి ఆమె. అందుకు కారణం ధైర్యం కాదు. కింద సంతకం చేసి, మిగతా ముగ్గురు సిబ్బందినీ ఆఫీసు గదిలోకి పిలిచింది. సాయంత్రం చదువులు చెప్పే ట్యూటర్ విమల, వంట చేసే నర్సవ్వ, వాచ్‌మన్ మొగిలయ్య వచ్చి నిలబడ్డారు.

"ఇప్పట్నుంచి పిల్లలతోటి ఎవ్వరూ మాట్లాడద్దు, ముట్టద్దు, దగ్గరికి పోవద్దు" అంది హైమావతి.

"ఎన్నొద్దులు మేడం?" అడిగాడు మొగిలయ్య.

"శిక్షణ అయ్యేదాంక."

"మరి అన్నమెట్ల పెట్టాలె?" అంది నర్సవ్వ. ఆమెకు యాభై నాలుగేళ్లు. ఇరవై రెండేళ్లుగా ఆ వంటింట్లో గరిటె తిప్పుతోంది. ఉత్తర్వుల్లో ఆమెకు అర్థమయ్యేది అన్నం సంగతి ఒక్కటే.

హైమావతి జిల్లా ఆఫీసుకు ఫోన్ చేసింది. సాన్నిహిత్యం అంటే ఎన్ని అడుగులని అడిగింది. ఆ విషయంలో స్పష్టత కోరుతూ పైకి లేఖ రాస్తున్నామని, ఈలోపు విజ్ఞతతో వ్యవహరించమని అవతలి గొంతు చెప్పింది. హైమావతి తన విజ్ఞతను పది అడుగులుగా నిర్ణయించుకుంది.

ఆ మధ్యాహ్నం మొగిలయ్య ఒక వెదురు కర్ర తెచ్చి దాని చివర గరిటె కట్టాడు. కర్ర ఇటు చివర నర్సవ్వ పట్టుకుంది. మధ్యలో బరువు ఆనడానికి మొగిలయ్య భుజమిచ్చాడు. ఆవరణలోనే ఉన్న బడి నుంచి భోజనానికి వచ్చిన ఎనభై ఆరుమంది పిల్లలు వరసలో నిలబడి పది అడుగుల అవతల కంచాలు చాపారు. పప్పు కొంత కంచాల్లో పడింది, కొంత తలల మీద పడింది. పిల్లలకు ఆ ఆట బాగా నచ్చింది. రెండోసారి వడ్డించుకోని పిల్ల లేదు.

హైమావతికి పని ఆగకుండా చూసుకోవాల్సిన బాధ్యత కూడా ఉంది కాబట్టి, ఒక మార్గం కనిపెట్టింది. నోటీసు బోర్డుతో మాట్లాడటం మొదలుపెట్టింది. బోర్డు పిల్ల కాదు.

"నోటీసు బోర్డూ, ఆ నీలం గౌను పిల్లను మోకాలికి టించరు రాసుకోమను. సీసా కిటికీల పెట్టిన."

"రాసుకున్న మేడం" అంది నీలం గౌను పిల్ల.

"బోర్డూ, నాకేం వినవడలేదు."

మంగళవారం శిక్షకుడు వచ్చాడు. పేరు ప్రద్యుమ్నాచారి. మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబు, భుజానికి రెండు సంచులు. మాస్టర్ ట్రైనర్ అని తనను తాను పరిచయం చేసుకుని, అందరినీ కళ్లు మూసుకుని మూడుసార్లు గాలి పీల్చమన్నాడు. మొగిలయ్య రెండోసారికే నిద్రపోయాడు.

"ఇది సిద్ధాంతం కాదు, అనుభవం" అన్నాడు ప్రద్యుమ్నాచారి. "ఈ శిక్షణలో డెబ్బై శాతం ప్రాక్టికల్స్. మీరు నేరుగా పిల్లలతో సంవాదిస్తూ నేర్చుకుంటారు. పిల్లల్ని పిలిపించండి."

హైమావతి ఉత్తర్వు చూపించింది. శిక్షణ లేనివాళ్లు పిల్లల దగ్గరకు పోకూడదు. పిల్లల దగ్గరకు పోకుండా శిక్షణ పూర్తి కాదు. ప్రద్యుమ్నాచారి ఉత్తర్వును, తన శిక్షణ పుస్తకం మాడ్యూలును పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ రెండింటి కిందా ఒకే అధికారి సంతకం ఉంది. కాబట్టి రెండూ తప్పు కావడానికి వీల్లేదు.

"పర్లేదు" అన్నాడు చివరికి. "మీలోనే కొందరు పిల్లలవుతారు."

చీటీలు వేశారు. మొగిలయ్యకు 'పింకీ, ఏడేళ్లు, రెండో తరగతి' వచ్చింది. నర్సవ్వకు 'చిట్టి, తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి' వచ్చింది. ప్రద్యుమ్నాచారి సంచిలోంచి రిబ్బన్లు తీసి ఇచ్చాడు. మొగిలయ్యకు జుట్టు లేకపోవడం వల్ల రిబ్బను చెవులకు కట్టాల్సి వచ్చింది. మీసాలు అలాగే ఉండనిచ్చారు. హాలు కిటికీల దగ్గర పిల్లలు ఒకరి మీద ఒకరు ఎక్కి చూశారు.

"పింకీ, బడిలో ఇవాళ ఏం జరిగింది, చెప్పు తల్లీ" అని హైమావతి మాడ్యూలు చూసి అడిగింది.

"డూటీ చేసొచ్చిన మేడం" అన్నాడు పింకీ.

బుధవారం రాతపరీక్ష పెట్టారు. యాభై ప్రశ్నలు, ఉత్తీర్ణతకు నలభై మార్కులు. నర్సవ్వకు చదవడం రాదు కాబట్టి ఆమెకు నోటితో అడిగారు.

"బాలిక ఏడుచున్నచో మీ తక్షణ చర్య ఏమి?" చదివాడు ప్రద్యుమ్నాచారి. "అ. ఫారం నాలుగు పూరించుట. ఆ. ఉన్నతాధికారికి తెలియపరచుట. ఇ. పై రెండూ."

"ఎత్తుకుంట."

"అది ఆప్షన్లలో లేదమ్మా."

"గట్లయితే ఒళ్లె కూసోవెట్టుకుంట."

ఆమెకు సున్నా వచ్చింది. మొగిలయ్యకు పదకొండు, హైమావతికి ముప్ఫై నాలుగు. ట్యూటర్ విమలకు యాభైకి యాభై. ఆమె మాడ్యూలు మొత్తం కంఠతా పట్టింది. బాలల హక్కులు ఎన్నో, ఎన్నో పేజీలో ఉన్నాయో కూడా చెప్పింది. ప్రద్యుమ్నాచారి కళ్లు చెమర్చాయి. తన పదమూడు జిల్లాల అనుభవంలో ఇలాంటి మేధ చూడలేదని, నిబంధనల ప్రకారం నూటికి నూరు వచ్చినవాళ్లకు ముందే ధ్రువపత్రం ఇవ్వొచ్చని చెప్పి, అప్పటికప్పుడు ఆమె చీరకు 'బాలనేస్తం' అని రాసి ఉన్న బిళ్ల తగిలించాడు.

అలా గుండ్లపహాడ్ హాస్టల్లో ఎనభై ఆరుమంది పిల్లలతో మాట్లాడటానికి, ముట్టుకోవడానికి, దగ్గరకు వెళ్లడానికి చట్టబద్ధమైన అర్హత ఉన్న మనిషి ఒక్కరే మిగిలారు. ఆమె విమల.

గురువారం పొద్దున నర్సవ్వ బియ్యంలో రాళ్లు ఏరుతుంటే వంటింటి కిటికీ దగ్గర ఒక తల కనిపించింది. నాలుగో తరగతి రవళి. తొమ్మిదేళ్ల పిల్ల. ఎప్పుడూ కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడేది. ఆ రోజు చేతులు వెనక పెట్టుకుంది.

"ఏందిరా బిడ్డా?" అని అనేసి, నర్సవ్వ నాలుక కరుచుకుంది. అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. "ఏమైంది?"

రవళి చేతులు ముందుకు తెచ్చింది. వేళ్ల కణుపులన్నీ ఉబ్బి నల్లబడ్డాయి.

"ఎనిమిదో ఎక్కం మర్సిపోయిన. విమల టీచర్ స్కేలు నిలువుగ వట్టి కొట్టింది." ఆ పిల్ల ఏడవడం లేదు. ఏడిస్తే మళ్లీ కొడుతుందని ఏడవకపోవడం అలవాటైపోయింది. "నన్నొక్కదాన్నే కాదవ్వా. వరలక్ష్మిని కొట్టింది, మా బెంచీల అందర్ని కొట్టింది. ఇప్పుడు బిళ్ల వెట్టుకొని కొడ్తున్నది."

నర్సవ్వ పది అడుగుల లెక్క మరిచిపోయి కిటికీలోంచి చేతులు చాపింది. పసుపు, నూనె వెచ్చజేసి ఆ వేళ్లకు రాసింది. రాస్తున్నంతసేపూ రవళి దెబ్బల లెక్కతో సహా ఒక్కొక్కటే చెబుతూ పోయింది. అయిపోయాక నర్సవ్వ కొంగుతో చేతులు తుడుచుకుని నేరుగా ఆఫీసు గదికి వెళ్లింది.

హైమావతి విన్నది. విని కిటికీ తలుపులు మూసింది.

"నర్సవ్వా, నువ్వు శిక్షణ పాసైనవా?"

"లేదు."

"మరి నువ్విన్నది విన్నట్టు కాదు. పిల్లల ఫిర్యాదు ధ్రువపత్రం ఉన్న సిబ్బందే తీసుకోవాలె. రూలు అట్లున్నది."

"ధ్రువపత్రం ఉన్నది విమల టీచర్ కొక్కదానికే గద మేడం."

"అవును."

"అంటే విమల టీచర్ కొట్టిందని విమల టీచర్‌కే పోయి చెప్పాల్నా?"

హైమావతి బల్ల మీది పేపర్ వెయిటును అటు నుంచి ఇటు జరిపింది. "నాకింకా రెండేండ్ల సర్వీసున్నది నర్సవ్వా" అంది, గొంతు తగ్గించి. నర్సవ్వ వెళ్లిపోయింది. ఆ రోజు అన్నం మాడింది. ఇరవై రెండేళ్లలో అదే మొదటిసారి.

శుక్రవారం ప్రాక్టికల్స్‌లో ముఖ్య ఘట్టం: ఫిర్యాదు స్వీకరణ. ప్రద్యుమ్నాచారి ట్యాబు తెరిచాడు. నేర్చుకోవడానికి వేరే ఫిర్యాదుల పోర్టలు ఉంది గాని, అది రెండు రోజులుగా తిరుగుతూనే ఉంది, తెరుచుకోవడం లేదు. అసలు పోర్టలు మాత్రం వెంటనే తెరుచుకుంది. పంపించే బటను నొక్కకుండా ఆగితే సరిపోతుందని ఆయన అనుకున్నాడు.

"బాలిక పాత్రలో చిట్టి. ఫిర్యాదు స్వీకర్త పాత్రలో విమల గారు. నేను నమోదు చేస్తాను. చిట్టీ, ఏదైనా కల్పించి చెప్పమ్మా."

నర్సవ్వ కుర్చీ మీద నుంచి లేచి నేల మీద కూర్చుంది. జడకు రిబ్బను సరిచేసుకుంది.

"నా పేరు చిట్టి. నాలుగో తరగతి. మొన్న సాయంత్రం ఎనిమిదో ఎక్కం మర్సిపోయిన. టీచర్ నా రెండు చేతులు బల్ల మీద వెట్టించి స్కేలు అంచుతోటి కొట్టింది. పన్నెండు దెబ్బలు. నేను లెక్కవెట్టిన, ఎందుకంటె ఎక్కం రాకున్నా లెక్క వస్తది నాకు."

"అద్భుతం!" అన్నాడు ప్రద్యుమ్నాచారి, టైపు చేస్తూ. "ఎంత సహజంగా ఉంది! కొట్టినవారి పేరు?"

"విమల టీచర్."

విమల ముఖం తెల్లబోయింది. "సార్, ఇదేం పద్ధతి? ఈమె..."

"మీ ప్రతిస్పందన కూడా చాలా సహజంగా ఉంది మేడం!" ఆయన ఆగలేదు. "ఇంకా?"

నర్సవ్వ ఇంకా చెప్పింది. వరలక్ష్మి జుట్టు పట్టుకుని గోడకు ఆనించిన సంగతి చెప్పింది. ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టిన సంగతి చెప్పింది. నీళ్లు తాగుతానంటే తాగనివ్వని సంగతి చెప్పింది. తొమ్మిదేళ్ల పిల్ల చెప్పినట్టే చెప్పింది, ఎక్కడా గొంతు పెంచలేదు. పింకీ మీసాలు తడుముకుంటూ ఏడ్చాడు. హైమావతి నేల చూపులు చూస్తూ కూర్చుంది.

ప్రద్యుమ్నాచారి ఆ తన్మయత్వంలో బటను నొక్కేశాడు.

ట్యాబు ఒకసారి మోగింది. "మీ ఫిర్యాదు నమోదైనది. బాలిక చిట్టి క్షేమం మా బాధ్యత. ఇరవై నాలుగు గంటల్లో విచారణ బృందం వచ్చును."

ఆయన వెంటనే రద్దు చేసే బటను కోసం వెతికాడు. పిల్లలు భయపడి ఫిర్యాదులు వెనక్కి తీసుకుంటున్నారని శాఖ కిందటి నెలే ఆ బటను తీసేసింది.

శనివారం పొద్దున రెండు జీపులు వచ్చాయి. జిల్లా అధికారి దామోదరం, ఒక డాక్టరమ్మ, ఫైళ్లు మోసే గుమాస్తా దిగారు. దామోదరం గారి చేతిలో చాక్లెట్ల ప్యాకెట్టు ఉంది.

"బాలిక చిట్టి ఎక్కడ?"

నర్సవ్వ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. ప్రద్యుమ్నాచారి చెమటలు కక్కుతూ జరిగిందంతా చెప్పాడు. అది శిక్షణలో భాగమని, బాలిక అసలు లేదని, ఈమె వంటమనిషని విన్నవించాడు.

దామోదరం గారు శ్రద్ధగా విన్నారు. "చూడండి. పోర్టలులో బాలిక ఉన్నది. నేను వచ్చి బాలిక లేదని రాస్తే, అది బాలిక అదృశ్యం కేసు అవుతుంది. పోలీసులు వస్తారు. పై నుంచి బృందం వస్తుంది. మీరంటారు, ఆమెకు యాభై నాలుగేళ్లని. రికార్డు అంటుంది, తొమ్మిదేళ్లని. రికార్డుకు విరుద్ధంగా నేను కళ్లతో చూడలేను. విచారణ మొదలుపెట్టండి."

బాలలతో మాట్లాడేటప్పుడు వారి కంటి మట్టానికి వంగాలని నిబంధన. నర్సవ్వ నేల మీద కూర్చుంది. దామోదరం గారు నడుము పట్టుకుని ఎలాగో కూలబడ్డారు. చాక్లెట్ ఇచ్చారు. ఆమె కొంగున కట్టుకుంది.

"భయపడకు పాపా. అంకుల్‌కు అన్నీ చెప్పు. నిన్ను ఎవరు కొట్టారు?"

"విమల టీచర్."

"అబద్ధం సార్!" విమల ముందుకొచ్చింది. "నాకు యాభైకి యాభై వచ్చినై. కొట్టడం తప్పని నలభై మూడో ప్రశ్న. కరెక్టుగ రాసిన."

"ఎక్కడ కొట్టింది పాపా?"

"చేతుల మీద."

డాక్టరమ్మ ఫారం తీసింది. "గాయాలు పరీక్షించాలి. నీ చేతులు చూపించమ్మా."

నర్సవ్వ తన చేతులు ఒళ్లోనే ఉంచుకుంది. నూనె మరకలు, పాత కాలిన మచ్చలు ఉన్న చేతులు అవి. తల తిప్పి తలుపు వైపు చూసింది.

"నా చేతులు ఆడ వరండల ఉన్నయి సారూ" అంది.

వరండాలో కిటికీల దగ్గర మూగిన పిల్లల్లోంచి రవళి ఒక్కతే లోపలికి వచ్చింది. నర్సవ్వ పక్కన కూర్చుని రెండు చేతులూ చాపింది. పసుపు కింద నలుపు ఇంకా కనిపిస్తూనే ఉంది. తర్వాత వరలక్ష్మి వచ్చింది. ఆ తర్వాత వాళ్ల బెంచీ, దాని వెనక బెంచీ కూడా వచ్చాయి. ఒకరి పక్కన ఒకరు కూర్చుని పదకొండు మంది చేతులు చాపారు.

ఇలాంటి సందర్భంలో ఏమనాలో దామోదరం గారికి ఏ ఉత్తర్వూ చెప్పలేదు. ఆయన ఆ చేతుల్ని వరసగా చూస్తూ పోయారు. చివరి పిల్ల దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"దీనికి సాక్షులెవరైనా ఉన్నారా?" అన్నారు. ఆ గొంతులో ఆఫీసు లేదు.

హైమావతి లేచింది. నోటీసు బోర్డు వైపు తిరగలేదు. పిల్లల వైపే చూస్తూ చెప్పింది. "నేనున్న సార్. నాకు ఏడాది సంది తెల్సు. సాయంత్రం పూట నా గది తలుపు ఏస్కొని కూసున్న. నా మీద గూడ రాస్కోండ్రి."

డాక్టరమ్మ పరీక్షించి రాసింది. ఫారంలో 'బాలిక చేతులు' అన్న గడి ఎదురుగా సంఖ్య వేయాల్సి ఉంది. ఆమె ఇరవై రెండు అని వేసింది. పోర్టలు దాన్ని అభ్యంతరం లేకుండా తీసుకుంది.

ఆ మధ్యాహ్నమే విమలను సస్పెండు చేశారు. జీపు ఎక్కబోతూ గుమాస్తా ఆమె చీరకున్న బిళ్ల విప్పించి, రసీదు ఇచ్చాడు. హైమావతికి జీవితంలో మొదటి మెమో వచ్చింది. దాన్ని ఆమె మడిచి పర్సులో పెట్టుకుంది. ఆ రోజు ఆమె కడుపునిండా తిన్నదని మొగిలయ్య తర్వాత చెప్పాడు.

అయితే చిట్టి సమస్య మిగిలే ఉంది. సోమవారం కార్మిక శాఖ నుంచి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి, తొమ్మిదేళ్ల బాలిక చేత ఎనభై ఆరుమందికి వంట చేయిస్తున్నారని సమాచారం అందిందని నర్సవ్వ చేతిలోంచి గరిటె లాక్కున్నాడు. ఆమెను నాలుగో తరగతిలో కూర్చోబెట్టారు. రవళి పక్కన చోటిచ్చింది. హైమావతి వంటింట్లోకి దిగి జీవితంలో మొదటిసారి ఎనభై ఆరుమందికి ఉప్మా చేసింది. అది గోడకు కొడితే అంటుకునేలా వచ్చింది.

మంగళవారం దామోదరం గారు కేసు ముగింపు పత్రంతో మళ్లీ వచ్చారు. చివరి గడి పేరు 'బాలిక కోరిక'. బాధిత బాలిక ఏది కోరితే అది ఏడు రోజుల్లో తీర్చాలని, తీర్చకపోతే కేసు ముగియదని రూలు. సాధారణంగా పిల్లలు సైకిలు అడుగుతారు.

"చెప్పు పాపా" అన్నారు ఆయన, ఈసారి కుర్చీ తెచ్చుకుని. "నీకేం కావాలి?"

నర్సవ్వ ఆలోచించింది. "పిల్లలతోని మాట్లాడనియ్యిండ్రి సారూ" అంది. "నన్నొక్కదాన్నే కాదు. మొగిలయ్యను, మేడంను, అందర్ని. పరీచ్చ పాసైనా కాకున్నా. మేం మాట్లాడకుంటె వాళ్లు ఎవరికి చెప్పుకుంటరు?"

దామోదరం గారు గడిలో రాయడానికి కలం ఎత్తి ఆగారు. శాఖ ఉత్తర్వుకు ఎదురు పోతోంది ఆ కోరిక. కాని కోరిక తీర్చమన్నది కూడా శాఖ ఉత్తర్వే. ఆ రెండింట్లో కొత్తది ఏదో అని తేదీలు చూశారు. కోరికదే కొత్తది. ఆయన ఊపిరి వదిలి, "కోరిక మంజూరైనది. చిట్టి వయసు యాభై నాలుగుగా సవరించడమైనది" అని రాసి కింద ముద్ర వేశారు.

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. హాల్లో పిల్లలు అందరూ ఒకేసారి మాట్లాడారు. వారం రోజుల మాటలు పేరుకుపోయి ఉన్నాయి. పన్ను ఊడిందని ఒకరు, ఇంటి నుంచి ఫోనొచ్చిందని ఒకరు, నువ్వు లేని రోజు పింకీ డ్యూటీలో నిద్రపోయాడని ఇంకొకరు. నర్సవ్వ మామూలు గరిటెతో, ఒక్కొక్క కంచం దగ్గరా వంగి వడ్డిస్తూ పోయింది. రవళి ఒక ముద్ద తిని తలెత్తింది.

"అవ్వా, పప్పుల ఉప్పు లేదు."

నర్సవ్వ ఆ కంచంలోంచే వేలితో తీసి నాలుక మీద వేసుకుంది.

"నిజమేరా బిడ్డా" అని ఉప్పు తేవడానికి లోపలికి పోయింది.